కొత్త లారీ మీద నిబంధన, పాత లారీకి గిరాకీ

2025 నవంబరు 1న, ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని రెండు ఆంక్షలు ఒకే రోజున అమలులోకి వచ్చాయి. విదేశాల్లో తయారై వచ్చే మధ్యస్థ, భారీ ట్రక్కుల మీద అమెరికా 25 శాతం దిగుమతి సుంకం వసూలు చేయడం మొదలుపెట్టింది. ఇక్కడ మన దేశంలో, ఢిల్లీ రిజిస్ట్రేషన్ లేని సరకు రవాణా వాహనాలలో, అంకె పెరిగేకొద్దీ కఠినమయ్యే భారత్ స్టేజ్ (బీఎస్) పొగ ప్రమాణాల లెక్కన బీఎస్‌-3, అంతకంటే పాత ప్రమాణాల బండ్లకు ఆ నగర ప్రవేశం నిలిచిపోయింది. బీఎస్‌-4 బండ్లకు మాత్రం 2026 అక్టోబరు 31 దాకా గడువిచ్చారు. మొదటిది దేశీయ పరిశ్రమ పేరు చెప్పుకుని వచ్చింది, రెండోది జనం పీల్చే గాలి పేరు చెప్పుకుని వచ్చింది. కానీ లారీ యజమాని దగ్గరికి చేరేసరికి రెండూ ఒకే ప్రశ్నగా మారిపోతాయి: ఉన్న బండిని ఇంకా ఎన్నాళ్లు తిప్పుకోవచ్చు, కొత్తది ఎప్పుడు కొంటే నష్టం తక్కువ?

విజయవాడలో కొంతకాలం నేను సెకండ్ హ్యాండ్ లారీలకు విలువ కట్టి రుణాల కాగితాలు సిద్ధం చేసే పనిలో ఉన్నాను. ఏ సంవత్సరపు బండి, ఇంజను విప్పారా లేదా, టైర్లలో ఎంత అరుగుదల ఉంది, ఎఫ్‌సీ అనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎప్పటిదాకా ఉంది, పర్మిట్ ఏమిటి అని అడిగే చోట, 2017 తర్వాత అన్నిటికంటే ముందు బీఎస్ ఎంత అని అడగడం మొదలైంది. పార్లమెంటులోనూ న్యాయస్థానాలలోనూ కాలుష్య ప్రమాణాల గురించి జరిగే చర్చ దాదాపు ఎప్పుడూ కొత్త వాహనం చుట్టూనే తిరుగుతుంది. మార్కెట్లో ఆ నిర్ణయపు ఫలితం ముందుగా కనిపించేది మాత్రం పాత వాహనం ధరలో. కొత్త బండిపై వేసే ప్రతి సుంకమూ, విధించే ప్రతి ప్రమాణమూ, వేరే ఏర్పాటు ఏదీ లేకపోతే, పాత బండికి ఇచ్చిన రాయితీగానే పనిచేస్తుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. అయితే సుంకాన్నీ ఉద్గార ప్రమాణాన్నీ ఒకే గాట కట్టడానికి నేను ఒప్పుకోను. ఎందుకో తర్వాత చెబుతాను.

సుంకం సంగతి చెప్పాలంటే కోళ్ల దగ్గర మొదలుపెట్టాలి. 1962లో యూరోపియన్ ఆర్థిక సమాజం అమెరికా నుంచి చవకగా వచ్చిపడుతున్న కోడిమాంసం మీద సుంకాలు పెంచింది. బేరసారాలు ఫలించకపోవడంతో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1963 డిసెంబరులో ప్రతీకార సుంకాలు ప్రకటించారు; బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, తేలికపాటి ట్రక్కులు అనే నాలుగు వస్తువులపై 1964 జనవరి నుంచి అవి అమలయ్యాయి. ట్రక్కులను ఆ జాబితాలో చేర్చడానికి కారణం పశ్చిమ జర్మనీ నుంచి వస్తున్న ఫోక్స్‌వాగన్ వ్యాన్లు, పికప్‌లు. మిగిలిన మూడు వస్తువుల మీది సుంకం కాలక్రమంలో పోయింది, కోళ్ల తగాదాను అందరూ మరిచిపోయారు, కానీ తేలికపాటి ట్రక్కుల మీది 25 శాతం మాత్రం ఈనాటికీ నిలిచే ఉంది. అదే దేశంలో కార్ల దిగుమతిపై సుంకం దశాబ్దాల పాటు 2.5 శాతమే ఉండేదని గుర్తుంచుకుంటే, ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది.

పది రెట్ల తేడా ఉన్నచోట వ్యాపారి దొడ్డిదారి వెతకకుండా ఉంటాడా? జపాన్ నుంచి ఫోర్డ్ కొరియర్, షెవ్రొలే లవ్ వంటి పికప్‌లను వెనుక తొట్టి లేకుండా ఛాసిస్, క్యాబిన్‌గా మాత్రమే దించుకుని, తొట్టిని అమెరికాలో బిగించేవారు. ఆ దారిని 1980లో మూసేశారు. సుబారు కంపెనీ తన బ్రాట్ అనే చిన్న పికప్ వెనుక తొట్టిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు బిగించి, అది ప్రయాణికుల వాహనమేనని చూపించింది. అన్నిటిలోకీ విచిత్రమైనది ఫోర్డ్ కంపెనీ కథ. టర్కీలో తయారైన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లను వెనుక సీట్లతో, కిటికీలతో బాల్టిమోర్ రేవుకు తెచ్చి, కస్టమ్స్ దాటగానే సీట్లు పీకేసి, కిటికీల స్థానంలో రేకులు బిగించి, సరకు వ్యాన్లుగా అమ్మింది. ఏళ్లపాటు సాగిన ఆ వ్యాజ్యంలో ఫోర్డ్ ఓడిపోయి, చివరికి 2024లో 36.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. సొంత దేశపు కంపెనీలను కాపాడడానికి పెట్టిన సుంకాన్ని తప్పించుకోబోయి ఆ దేశపు కంపెనీయే పట్టుబడిందన్నమాట.

ఇందులో మనవాళ్ల పాత్ర కూడా కొంత ఉంది. మహీంద్రా కంపెనీ డీజిల్ పికప్‌లను అమెరికాలో అమ్మాలని చాలాకాలం ప్రయత్నించింది. 2010లో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ ధ్రువీకరణ కూడా సంపాదించింది. కానీ పంపిణీదారుతో వివాదం కోర్టుకెక్కి, ఒక్క పికప్ కూడా అమ్ముడుపోకుండానే ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఆ వైఫల్యానికి సుంకం ఒక్కటే కారణమని చెప్పడం తప్పు. అయితే తలుపు దగ్గర 25 శాతం చెల్లించాల్సిన మార్కెట్లోకి కొత్తగా వచ్చేవాడికి ఒక్క పొరపాటుకు కూడా తావుండదు.

ఆ సుంకం నీడన ఏమి పెరిగిందో కూడా చూడాలి. విదేశీ పోటీ తక్కువగా ఉన్న పికప్ విభాగంలోనే డెట్రాయిట్‌లోని అమెరికా వాహన కంపెనీలకు లాభం ఎక్కువగా వచ్చేది. పైగా ఇంధన పొదుపు ప్రమాణాలలో తేలికపాటి ట్రక్కులకు కార్లకంటే సడలింపు ఎక్కువ ఉండేది. ఒకటి వాణిజ్య విధానం, మరొకటి ఇంధన విధానం. ఎవరూ ఉద్దేశపూర్వకంగా జత చేయకపోయినా రెండూ కలిసి, దశాబ్దాల పాటు, బండిని ఇంకా పెద్దదిగా, ఇంకా బరువుగా చేయమని తయారీదారులను ఒకే వైపు నెట్టాయి. జపాన్ ఇళ్ల ముందూ, యూరప్ పల్లెల్లోనూ కనిపించే చిన్న సరకు బండి అమెరికా వీధుల్లో ఎందుకు అరుదో అర్థం చేసుకోవడానికి ఈ రెండు విధానాలను పక్కపక్కన పెట్టి చదవాలి.

భారీ ట్రక్కుల దగ్గరికి వస్తే, అక్కడ కథ నడిపింది ఉద్గార ప్రమాణాలే. 2007 నుంచి అమెరికాలో కొత్త ఇంజన్లకు పొగలోని నుసిని పట్టే ఫిల్టర్ తప్పనిసరి అయ్యే స్థాయిలో ప్రమాణాలు బిగిశాయి. కొత్త పరికరం ఎంత ఖరీదవుతుందో, దారిలో ఎక్కడ మొరాయిస్తుందో తెలియని రవాణా కంపెనీలు ఒక ఏడాది ముందే పాత తరహా ఇంజన్ల ట్రక్కులు కొని నిల్వ చేసుకున్నాయి. ఆ దేశంలో అత్యంత బరువైన ఎనిమిదో తరగతి ట్రక్కుల అమ్మకాలు 2006లో సుమారు 2.84 లక్షలు, 2007లో అవి సుమారు 1.51 లక్షలకు పడిపోయాయి. గాలిని శుభ్రం చేయడానికి తెచ్చిన నిబంధన, అమలుకు ముందటి ఏడాది, రికార్డు స్థాయిలో పాత తరహా ఇంజన్లను రోడ్డెక్కించింది. అవి తర్వాత పదిహేనేళ్లో, ఇరవై ఏళ్లో తిరిగాయి.

2010 నాటి తర్వాతి మెట్టులో ఇంకో వింత జరిగింది. నత్రజని ఆక్సైడ్లను తగ్గించడానికి చాలా కంపెనీలు పొగ గొట్టంలో యూరియా ద్రావణాన్ని చిమ్మే ఎస్‌సీఆర్ పద్ధతిని ఎంచుకోగా, నావిస్టార్ అనే అమెరికా ట్రక్కుల కంపెనీ ఒక్కటి మాత్రం యూరియా అక్కరలేకుండా, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ పద్ధతితోనే గట్టెక్కుతానని పట్టుబట్టింది. గట్టెక్కలేదు. 2012లో ఆ కంపెనీ దారి మార్చుకుని ఎస్‌సీఆర్ వైపు తిరిగింది, అధిపతి తప్పుకోవలసి వచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్లకు ఫోక్స్‌వాగన్ కుటుంబంలోని ట్రాటన్ చేతిలోకి కంపెనీయే వెళ్లింది. మరోపక్క, కొత్త క్యాబిన్, కొత్త ఛాసిస్ తీసుకుని అందులో పాత ఇంజనును బిగించే గ్లైడర్ అనే ఏర్పాటు ఉండేది. ప్రమాదంలో దెబ్బతిన్న ట్రక్కు ఇంజనును కాపాడుకోవడానికి పుట్టిన ఆ పద్ధతి ఏటా కొన్ని వందల సంఖ్య నుంచి పది వేల దాకా పెరిగింది. కొత్త బండి రూపంలో పాత పొగ అమ్ముడుపోయిందన్నమాట. ఈపీఏ తర్వాత దానికి ఒక్కో తయారీదారుకు ఏటా ఇన్ని మాత్రమే అని హద్దు పెట్టింది.

మన దేశంలో ఇదే నాటకం మరింత హడావిడిగా సాగింది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్‌-4 అమలవుతుందని కంపెనీలకు చాలా ముందే తెలుసు. ఆ తేదీ తయారీకే వర్తిస్తుంది, అప్పటికి తయారైనవి అమ్ముకోవచ్చు అన్నది వాటి వాదన. మార్చి 29న, అంటే గడువుకు రెండు రోజుల ముందు, సుప్రీంకోర్టులో జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తాల ధర్మాసనం ఏప్రిల్ 1 నుంచి బీఎస్‌-3 వాహనాల అమ్మకాన్నీ రిజిస్ట్రేషన్‌నూ నిషేధించింది. అప్పటికి కంపెనీల, డీలర్ల దగ్గర ఉన్న 8 లక్షలకు పైగా వాహనాలలో సుమారు 96 వేలు వాణిజ్య వాహనాలు. ఆ రెండు రోజులూ ద్విచక్ర వాహనాల మీది తగ్గింపులనే పత్రికలు ఎక్కువగా రాశాయి గానీ, లారీల డీలర్ల దగ్గర జరిగింది అంతకంటే పెద్ద వ్యాపారం. చేతిలో డబ్బున్న పెద్ద యజమానులు అడిగిన ధరకు ఛాసిస్‌లు కొని రిజిస్టర్ చేయించుకున్నారు. రుణం మంజూరుకు వారం పట్టే చిన్న యజమానికి ఆ రెండు రోజుల పండగలో చోటు లేదు. న్యాయస్థానం తీర్పు న్యాయమైనదనే నా అభిప్రాయం. ఆరోగ్యం కంటే నిల్వల విలువ ఎక్కువ కాదు. కానీ తేదీ విషయంలో ప్రభుత్వ నోటిఫికేషన్ మొదటి రోజు నుంచే స్పష్టంగా ఉండి ఉంటే ఆ రెండు రోజుల సంత జరిగేదే కాదు.

దాని తర్వాతి అంకం, అంటే బీఎస్‌-5ను వదిలేసి 2020 ఏప్రిల్ 1న నేరుగా బీఎస్‌-6కు వెళ్లడం, నా వాదనకు అంత సులువుగా లొంగదు. అమెరికా 2006 అనుభవం ప్రకారం 2019-20లో లారీల కొనుగోళ్లు ఎగసిపడాలి. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం: మధ్యస్థ, భారీ వాణిజ్య వాహనాల అమ్మకాలు 2018-19లో 3.9 లక్షల దాకా ఉండగా, మరుసటి ఏడాది దాదాపు 42 శాతం పడిపోయాయి. కారణం ఇంకో నిబంధన. 2018 జులైలో కేంద్రం ఇరుసు మీద అనుమతించే బరువును పెంచింది; 25 టన్నులకు పరిమితమైన పది టైర్ల లారీ 28.5 టన్నుల దాకా తూగవచ్చని చెప్పింది. ఒక్క కొత్త లారీ కూడా రాకుండానే దేశంలోని మొత్తం లారీల మోత సామర్థ్యం ఒక్కసారిగా పెరిగింది. ఆ సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ చెల్లింపులు ఎగ్గొట్టడంతో రుణాలు బిగుసుకున్నాయి, సరకు తగ్గింది, కిరాయిలు పడిపోయాయి. ముందుగా కొని పెట్టుకోవడానికి కొనేవాడి దగ్గర పని ఉండాలి కదా. చివరికి 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, మిగిలిన బీఎస్‌-4 నిల్వలలో పది శాతం అమ్ముకోవడానికి న్యాయస్థానం మొదట అనుమతించి, జులైలో ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. ఉద్గార ప్రమాణం ఒక్కటే మార్కెట్‌ను నడపదు. బరువు నిబంధన, వడ్డీ, కిరాయి దాని పక్కనే ఉంటాయి.

బీఎస్‌-6 లారీ నిజంగా శుభ్రమైన యంత్రం. భారీ ఇంజన్లకు నత్రజని ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్-గంటకు 3.5 గ్రాముల నుంచి 0.4 దాకా దిగింది. డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకు 50 నుంచి 10కి తగ్గింది. అయితే ఆ శుభ్రత వెనుక ఒక ఫిల్టరు, ఒక యూరియా ట్యాంకు, డజను సెన్సర్లు, వాటిని నడిపే కంప్యూటరు ఉన్నాయి. ఆటోనగర్‌లో చెవితోనే ఇంజను రోగం పట్టగలిగిన మేస్త్రీకి ఇప్పుడు ల్యాప్‌టాప్ లేకుండా బోనెట్ ఎత్తి ప్రయోజనం లేదు. ఫిల్టర్ నిండితే ఇంజను తన శక్తిని తానే తగ్గించుకుంటుంది. పాత బండిలా ఎలాగో ఇల్లు చేర్చదు. వంద లీటర్ల డీజిల్‌కు నాలుగైదు లీటర్ల యూరియా ద్రావణం అదనం. కంపెనీ సర్వీసు కేంద్రంతో ఒప్పందం చేసుకోగల పెద్ద యజమానికి ఇవి లెక్కలో కలిసిపోయే ఖర్చులు. ఒకటి రెండు లారీలున్నవాడు మాత్రం, కొత్త బండి ధరలో వచ్చిన పది పదిహేను శాతం పెరుగుదల కంటే, దారిలో ఆగిపోతే ఎవరు బాగుచేస్తారన్న భయంతోనే బీఎస్‌-4 బండికి ఎక్కువ ధర ఇచ్చి కొనడం నేను చూశాను.

యూరియా గురించి చెబుతున్నప్పుడు దక్షిణ కొరియాను తలచుకోకుండా ఉండలేము. 2021 అక్టోబరులో చైనా తన రైతుల కోసమని యూరియా ఎగుమతులను బిగించింది. పారిశ్రామిక యూరియా దాదాపు అంతా చైనా నుంచే తెచ్చుకునే కొరియాలో కొన్ని వారాలలోనే ట్రక్కులు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి 27 వేల లీటర్ల ద్రావణం తేవడానికి ప్రభుత్వం సైనిక విమానాన్ని పంపింది. ఒక దేశపు ఉద్గార ప్రమాణం ఇంకో దేశపు ఎగుమతి విధానానికి తాకట్టు పడడం అంటే అదే. కొరియా ప్రమాణంలో తప్పేమీ లేదు. దాన్ని రాసినవారు ఆ రసాయనం ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోలేదు.

మన లారీ మార్కెట్లో దిగుమతి సుంకం పాత్ర ఏమిటని కొందరు అడుగుతారు. పూర్తిగా తయారై వచ్చే వాణిజ్య వాహనాలపై 2020 బడ్జెట్‌లో సుంకాన్ని 40 శాతానికి పెంచారు. అది లేకపోయినా ఇక్కడ విదేశీ లారీలు పోటెత్తి ఉండేవని నేను అనుకోను. మన యజమాని కిలోమీటరుకు పైసల్లో లెక్క చూసుకుంటాడు; ఐరోపా ధరల లారీ ఆ లెక్కలో ఇమడదు. జర్మనీకి చెందిన మాన్ కంపెనీ మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో కర్మాగారం పెట్టి కూడా 2018లో వెళ్లిపోయింది. డైమ్లర్ నిలదొక్కుకున్నది చెన్నై దగ్గర ఒరగడంలో కర్మాగారం పెట్టి, భారత్‌బెంజ్ అనే వేరే పేరుతో, ఇక్కడి ధరలకు తగిన బండిని తయారు చేయడం వల్లనే. అమెరికా సుంకం మాత్రం మనకు వేరే దారిన తగులుతుంది: పుణెలోని భారత్ ఫోర్జ్ వంటి కంపెనీలు అక్కడి భారీ ట్రక్కులకు క్రాంక్‌షాఫ్ట్‌లు, ముందు ఇరుసులు పంపుతాయి, అక్కడి రవాణా కంపెనీలు కొనుగోళ్లు వాయిదా వేస్తే పుణెలో సమ్మెటలు నెమ్మదిస్తాయి.

వాయిదా వేయడానికి అక్కడ కారణాలు తక్కువేమీ లేవు. 2027 నమూనాల నుంచి నత్రజని ఆక్సైడ్ల పరిమితిని ఒక్కో అశ్వశక్తి-గంటకు 0.2 గ్రాముల నుంచి 0.035కు దించుతూ ఈపీఏ 2022 డిసెంబరులో నిబంధన ఖాయం చేసింది. 2025 మార్చిలో కొత్త ప్రభుత్వం దాన్ని పునఃపరిశీలిస్తామంది. కాలిఫోర్నియా సొంత ట్రక్కు నిబంధనలకున్న అనుమతిని 2025 జూన్‌లో రద్దు చేశారు. ఆపైన నవంబరులో సుంకం. అమెరికాకు భారీ ట్రక్కులు ఎక్కువగా వచ్చేది మెక్సికో నుంచి. అక్కడ తయారైన బండిలో అమెరికా వాటా ఎంతో లెక్కగట్టి, మిగిలిన విలువపై సుంకం వేస్తారు. ముందుగా కొనడానికి తేదీ ఖాయంగా లేదు, ఆగడానికి ధర ఖాయంగా లేదు. అలాంటప్పుడు ఎవరైనా చేసే పని ఉన్న ట్రక్కునే ఇంకో ఏడాది నడపడం.

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన మాటకు వస్తాను. కొనేవాడి జేబులో సుంకమూ ప్రమాణమూ ఒకేలా బరువైనా, ఉద్గార ప్రమాణం ఖర్చుకు బదులుగా ఒకటి ఇస్తుంది: రోడ్డు పక్కన బతికే మనిషి ఊపిరితిత్తులకు కొంత ఊరట. ఆ ఖర్చు కూడా ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది, ఎందుకంటే ఇంజనీర్లు దాన్ని తగ్గించే పనిలో ఉంటారు. సుంకం కింద ఉన్న పరిశ్రమకు అలా తగ్గించాల్సిన అవసరం కనిపించదు. కోళ్ల సుంకం అరవై ఏళ్లు దాటినా తన పని ముగిసిందని ఎవరూ ప్రకటించకపోవడమే అందుకు రుజువు. కాబట్టి ప్రమాణాలను సడలించాలనే లారీ సంఘాల కోరికతో నేను ఏకీభవించను. నా అభ్యంతరం ప్రమాణాల బరువంతా కొత్త బండి మీదే పెట్టి, పాతదాన్ని దాని మానాన వదిలేయడం మీద.

పాతదాన్ని పూర్తిగా వదిలేశారని కూడా అనలేము. దాన్ని జరిమానాలతో తాకారు. పదిహేనేళ్లు దాటిన భారీ వాహనం ఎఫ్‌సీ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం 12,500 రూపాయలు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో పాత లారీల గ్రీన్ ట్యాక్స్ ఇరవై వేల దాకా వెళ్లి, యజమానుల ఆందోళనల తర్వాత మూడు వేలకు దిగింది. ఇరవై వేలు కట్టించుకున్నప్పుడైనా, మూడు వేలు కట్టించుకున్నప్పుడైనా ఆ లారీ వదిలే పొగ ఒక్క గ్రాము తగ్గలేదు. ఢిల్లీ నిషేధం వాటికంటే పదునైనదే, కానీ అది పొగను ఊరు మారుస్తుంది. విజయవాడ పక్కనున్న నున్న నుంచి ఢిల్లీలోని ఆజాద్‌పూర్ మండీకి మామిడి తీసుకెళ్లే లైనులో బీఎస్‌-6 బండ్లు పెట్టి, అక్కడికి పనికిరాని బీఎస్‌-3 బండిని ఇసుకకో కంకరకో తిప్పుకోమంటుంది. ఢిల్లీ గాలి బాగుపడిన మేరకు క్వారీ పక్క ఊరి గాలి చెడుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి లారీల మీద జీఎస్‌టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించడం ఈ విషయంలో గ్రీన్ ట్యాక్స్ కంటే ఎక్కువ మేలు చేస్తుందని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే అది కొత్తదానికీ పాతదానికీ మధ్య దూరాన్ని తగ్గించింది. విద్యుత్ వాహనాలను ప్రోత్సహించే కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్‌లోని ఒక షరతు ఇంకా ఆసక్తికరమైనది. విద్యుత్ లారీకి గరిష్ఠంగా 9.6 లక్షల రూపాయల ప్రోత్సాహకం పొందాలంటే, ఒక పాత డీజిల్ లారీని తుక్కు చేసిన పత్రం చూపించాలి. తన దగ్గర పాతది లేనివాడు ఇంకొకరి పత్రాన్ని కొనుక్కోవచ్చు. విద్యుత్ లారీలు కొనేది సిమెంటు కంపెనీలకూ రేవులకూ పనిచేసే పెద్ద సంస్థలు, పాత లారీ ఉన్నది ఒంటి బండి యజమాని దగ్గర. ఈ ఇద్దరినీ ఒక కాగితం కలుపుతోంది, డబ్బు మొదటిసారిగా పాత బండి వైపు నడుస్తోంది. ఐదారు వేల లారీలకు సరిపడే పథకం లక్షల లారీల దేశంలో చాలా చిన్నదే. ఇదే షరతును డీజిల్ బీఎస్‌-6 కొనుగోళ్లకు కూడా, తక్కువ మొత్తంతోనైనా, విస్తరిస్తే దాని అసలు సత్తా తెలుస్తుంది. ఆ పరీక్షలో చూడవలసిన అంకె ఒక్కటే: తుక్కు పత్రంతో కలిపి యజమాని చేతికి వచ్చే సొమ్ము, అదే లారీకి క్వారీ దళారి ఇస్తానన్న ధరను దాటుతుందా లేదా. దాటకపోతే లారీ క్వారీకే పోతుంది.